బ్యూగిల్ ఊదిన కుర్రవాడు: లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ జీవితం, సంగీతం



తెల్లవారుజామున అయిదింటికి మోగే హాస్టల్ గంట మీద కోపం రానివాళ్లు మనలో ఎవరూ ఉండరు. గంట అంటే గంట కాదు, వేపచెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. అయినా దాన్ని కొట్టే పని ఎవరికి అప్పగిస్తే వాడికి ఆ రోజు నుంచి ఒక హోదా వచ్చేది. లేవడానికి, స్నానాలకు, స్టడీ అవర్‌కు, అన్నానికి వంద మంది వాడి చేతి దెబ్బతో కదిలేవాళ్లు.

1913లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో, ఒక బాలుర గృహంలో, ఇలాంటి పనే ఒక నల్లజాతి కుర్రవాడికి దక్కింది. అక్కడ పట్టా ముక్క బదులు బ్యూగిల్ అనే ఇత్తడి బాకా ఉండేది. ఆ గృహంలో అడుగుపెట్టేనాటికి అతడికి పన్నెండేళ్లు కూడా నిండలేదు. పేరు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. పదిహేనేళ్లు తిరిగేసరికి జాజ్ అనే సంగీతం నడిచే దారినే అతడు మార్చేశాడు.

ఆయన గురించి ఈ సంచికలో రాయాలని మేము ఎందుకు అనుకున్నామో ముందే చెప్పుకోవాలి. మా బ్యాచ్‌లో ఒకడి నాన్న పెళ్లిళ్ల బ్యాండు మేళంలో ట్రంపెట్ వాయించేవాడు. పదో తరగతి అయ్యేదాకా వాడు ఆ సంగతి మాలో ఎవరికీ చెప్పలేదు. మీ నాన్న ఏం చేస్తాడని అడిగితే కూలి పని అనేవాడు. చాలా ఏళ్ల తర్వాత మేమంతా ఒకచోట కలిసినప్పుడు వాడే తన ఫోనులో ఒక పాత రికార్డు పెట్టి వినిపించాడు. "మా నాన్న చేతిలో ఉండేది కూడా ఇదేరా" అన్నాడు. ఆ రికార్డు ఆర్మ్‌స్ట్రాంగ్‌ది. ఆ రోజు నుంచి మేము ఆయన గురించి చదువుతూ, ఆయన్ను వింటూ వచ్చాం. తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాం.

ఆ ఊరు, ఆ కాలం

జాజ్ అంటే ఏమిటో తెలియాలంటే ముందు న్యూ ఆర్లియన్స్ సంగతి తెలియాలి. మిసిసిపీ నది సముద్రంలో కలిసే చోటుకు దగ్గరగా ఉన్న రేవు పట్టణం అది. ఫ్రెంచివాళ్లు, స్పెయిన్‌వాళ్లు ఏలిన ఊరు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు ఆదివారాల్లో అక్కడి కాంగో స్క్వేర్ అనే మైదానంలో గుమిగూడి తమ డోళ్లు తాము వాయించుకుని ఆడేవాళ్లు. 1865లో బానిసత్వం రద్దయింది. పొలాల్లో కూలీలు పాడుకున్న పాటల్లోంచి వచ్చిన బ్లూస్, చర్చి పాట, సైనిక బ్యాండ్ల ఇత్తడి వాద్యాలు, పియానో మీద వాయించే రాగ్‌టైమ్ అన్నీ ఆ ఊరి వీధుల్లో ఒకదానితో ఒకటి కలిశాయి. ఆ కలయికలోంచి 1900 ప్రాంతాల్లో తయారైనదే జాజ్.

అక్కడ పెళ్లికీ బ్యాండే, చావుకీ బ్యాండే. శ్మశానానికి వెళ్లేటప్పుడు నెమ్మదిగా దైవకీర్తన వాయిస్తారు. పూడ్చిపెట్టి తిరిగి వచ్చేటప్పుడు హుషారైన పాట అందుకుంటారు. చావు ముందు డప్పు మోగే ఊళ్ల నుంచి వచ్చిన మనకు ఇది వింతగా తోచదు.

అదే ఊళ్లో వివక్ష కూడా ఉంది. 1892లో హోమర్ ప్లెసీ అనే వ్యక్తి న్యూ ఆర్లియన్స్‌లో తెల్లవాళ్ల రైలు పెట్టెలో కూర్చున్నందుకు అరెస్టయ్యాడు. ఆ కేసులో 1896లో అమెరికా సుప్రీం కోర్టు, వేరుగా ఉంచినా సమానంగా ఉంచితే తప్పులేదని తీర్పు ఇచ్చింది. వేరుగా ఉంచడం మాత్రం జరిగింది, సమానంగా ఉంచడం జరగలేదు. బడి వేరు, బండి వేరు, తాగే నీళ్లు వేరు. రెండు గ్లాసుల పద్ధతి గురించి పెద్దవాళ్ల నోట విన్న మనకు ఇంతకంటే వివరించనక్కరలేదు. ఆ తీర్పు వచ్చిన అయిదేళ్లకు లూయీ పుట్టాడు.

బాల్యం

తాను 1900 జూలై 4న పుట్టానని ఆర్మ్‌స్ట్రాంగ్ జీవితమంతా అనుకున్నాడు. ఆయన చనిపోయిన తర్వాత, 1980లలో చర్చి రిజిస్టరులో బాప్తిస్మపు నమోదు దొరికింది. అసలు తేదీ 1901 ఆగస్టు 4. బడిలో చేర్పించేటప్పుడు సారు వేసిన తేదీయే పుట్టినరోజుగా చెలామణీ అవుతున్నవాళ్లు మనలోనూ చాలామంది ఉన్నారు.

తండ్రి విలియం అతడి పసితనంలోనే ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. తల్లి మేరీ ఆల్బర్ట్‌ను అందరూ మేయాన్ అని పిలిచేవాళ్లు. కొడుకు పుట్టేనాటికి ఆమెకు పదహారేళ్లు ఉంటాయేమో. మొదటి అయిదేళ్లు నాయనమ్మ జోసెఫీన్ పెంచింది. వాళ్లు ఉన్న పేటను జనం యుద్ధభూమి అనేవాళ్లు. తగాదాలు, కత్తిపోట్లు అక్కడ అంత మామూలు. పదకొండేళ్లకే లూయీ బడి మానేశాడు. వీధి మూలల్లో మరో ముగ్గురు పిల్లలతో కలిసి పాడుతూ చిల్లర సంపాదించేవాడు.

లిథువేనియా నుంచి వలస వచ్చిన కార్నోఫ్‌స్కీ అనే యూదు కుటుంబం దగ్గర కూడా లూయీ పని చేశాడు. పాత సామాను బండి మీద కూర్చుని జనాన్ని పిలవడానికి రేకు బూర ఊదేవాడు. తాకట్టు కొట్లో ఉన్న అయిదు డాలర్ల పాత కార్నెట్ కొనుక్కోవడానికి ఆ కుటుంబమే సాయం చేసిందని ఆయన 1969లో ఆసుపత్రి మంచం మీద ఉండి రాసుకున్నాడు. కార్నెట్ అంటే ట్రంపెట్‌కు తమ్ముడి లాంటి వాద్యం, కొంచెం పొట్టిది. తెల్లవాళ్ల చేతిలో ఆ యూదులు కూడా చిన్నచూపుకు గురికావడం తాను పసితనంలోనే చూశానని కూడా రాశాడు. వాళ్ల గుర్తుగా ఆరు కోణాల దావీదు నక్షత్రాన్ని మెడలో వేసుకు తిరిగేవాడు.

బాలుర గృహంలో

1912 డిసెంబరు 31 రాత్రి. కొత్త సంవత్సరం సందడిలో అందరూ టపాసులు కాలుస్తుంటే లూయీ ఇంట్లో ఉన్న తుపాకీ తెచ్చి గాలిలోకి పేల్చాడు. అందులో గుండ్లు లేవు, ఉత్త మందే. అయినా పోలీసు పట్టుకున్నాడు. మర్నాడు, అంటే 1913 జనవరి 1న, న్యాయమూర్తి అతణ్ణి కలర్డ్ వెయిఫ్స్ హోమ్ అనే నల్లజాతి బాలుర గృహానికి పంపించాడు. ఎప్పుడు వదులుతారో చెప్పలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. అది శిక్షగా పంపిన చోటు. మన హాస్టల్ అలాంటిది కాదు. మనం ఇక్కడికి చదువుకోవడానికి వచ్చాం, అది మన హక్కు. రెండిటినీ ఒకటి చేసి మాట్లాడేవాళ్లు బయట ఉన్నారు కాబట్టే ఈ తేడాను గుర్తుచేస్తున్నాం. ఆ గృహాన్ని నడిపింది కూడా ఒక నల్లజాతీయుడే, కెప్టెన్ జోసెఫ్ జోన్స్ అనే మాజీ సైనికుడు. నల్లజాతి పిల్లల్ని పెద్దల జైళ్లలో పడేస్తుంటే చూడలేక ఆయన ఈ గృహాన్ని పెట్టాడు.

అక్కడి మొదటి రోజుల గురించి ఆర్మ్‌స్ట్రాంగ్ 1954లో అచ్చయిన తన ఆత్మకథలో రాశాడు. రేకు పళ్లాల్లో ఉడికించిన చిక్కుడు గింజలు పెట్టారు. ఇంటి బెంగతో మూడు రోజులు ముద్ద ముట్టలేదు. నాలుగో రోజు అందరికంటే ముందు వెళ్లి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఈ పేరా చదివినప్పుడు మేమందరం నవ్వాం. ఆ నవ్వులో మా అందరి మొదటి వారమూ ఉంది.

ఆ గృహంలో పీటర్ డేవిస్ అనే సంగీతం మాస్టారు ఉండేవాడు. ఆయనకు మొదట లూయీ అంటే పడేది కాదు. అంత చెడ్డ పేట నుంచి వచ్చినవాడు మంచివాడు ఎలా అవుతాడన్నది ఆయన లెక్క. దెబ్బలు కూడా వేశాడు. లూయీ బ్యాండు సాధన చేసే గదిలో ఒక మూల కూర్చుని వినేవాడు, పిలిచేదాకా నోరు విప్పేవాడు కాదు. చివరికి ఒకరోజు మాస్టారు పిలిచి మన కంజిరను పోలిన టాంబరిన్ చేతికిచ్చాడు. తర్వాత డ్రమ్ము, ఆ తర్వాత ఆల్టో హార్న్ అనే బాకా, ఆ తర్వాత బ్యూగిల్.

బ్యూగిల్ ఊదేవాడిగా అతడు చేసిన మొదటి పని దాన్ని తోమడం. అప్పటిదాకా చిలుము పట్టి పచ్చగా ఉన్న ఇత్తడిని తళతళలాడేలా చేశాడు. పిల్లలంతా చప్పట్లు కొట్టారట. ఆ తర్వాత కార్నెట్ చేతికొచ్చింది, బ్యాండు నాయకత్వమూ వచ్చింది.

ఒకరోజు ఆ బ్యాండు ఊరేగింపు లూయీ పేట మీదుగా వెళ్లింది. జనం మేయాన్‌ను నిద్ర లేపి తీసుకొచ్చారు, కొడుకు ముందు నడుస్తూ వాయించడం చూడమని. ఊరంతా చెడ్డపేట అన్న ఆ వీధివాళ్లే టోపీ నిండా డబ్బు వేశారు. దానితో బ్యాండు మొత్తానికి కొత్త దుస్తులు, కొత్త వాద్యాలు కొన్నారు.

ఇంకొక సంగతి. లూయీ ఆ గృహంలో ఉన్న 1913లోనే, జూలై నెలలో, అంబేడ్కర్ బరోడా మహారాజా ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదవడానికి అమెరికాలో దిగారు. ఒకరు ఆ దేశపు ఉత్తరాన, ఒకరు దక్షిణాన. వాళ్లు ఒకరినొకరు ఎరగరు. కానీ ఒకరి చేతికి పుస్తకమూ మరొకరి చేతికి కార్నెట్టూ అందిన ఏడాది ఒకటే అని మాకు గుర్తుపెట్టుకోవాలనిపించింది.

1914 జూన్‌లో లూయీని వదిలిపెట్టారు.

గురువు, పడవ, షికాగో

బయటికి వచ్చాక పగలు బొగ్గు బండి తోలడం, రాత్రి సారా కొట్లలో వాయించడం. ఆ రోజుల్లో న్యూ ఆర్లియన్స్‌లో పేరున్న కార్నెట్ వాద్యకారుడు జో ఆలివర్, జనం పెట్టిన పేరు కింగ్ ఆలివర్. లూయీ ఆయన ఇంటికి వెళ్లి ఆయన భార్యకు పనులు చేసిపెట్టి, బదులుగా పాఠాలు నేర్చుకునేవాడు. ఆలివర్ తన పాత కార్నెట్ ఒకటి ఇచ్చాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ జీవితాంతం ఆయన్ను పాపా జో అనే పిలిచాడు.

1919 నుంచి 1921 వరకు ఎండాకాలాల్లో మిసిసిపీ నది మీద తిరిగే విహారపు పడవల్లో ఫేట్ మరేబుల్ బ్యాండులో వాయించాడు. అప్పటిదాకా చెవితో నేర్చుకున్నదే. కాగితం మీద రాసిన సంగీతం చదవడం అక్కడ బాగా పట్టుబడింది. ఆయన్ను పుట్టు మేధావి అంటారు గానీ, ఆ పుట్టు మేధావి కూడా ఇరవై ఏళ్ల వయసులో కూర్చుని అక్షరాలు దిద్దినట్టు స్వరాలు దిద్దాడు.

1922 ఆగస్టులో షికాగో నుంచి ఆలివర్ తంతి పంపాడు, వచ్చి తన బ్యాండులో రెండో కార్నెట్‌గా చేరమని. 1923లో ఆ బ్యాండు రికార్డులు ఇచ్చింది. అప్పటికి మైకులు లేవు, అందరూ ఒక పెద్ద గొట్టం ముందు నిలబడి వాయించాలి. లూయీ ఊదితే మిగతావాళ్లు వినపడడం లేదని అతణ్ణి అందరికంటే వెనక్కు, దూరంగా నిలబెట్టారని చెబుతారు.

ఆ బ్యాండులో పియానో వాయించిన లిల్ హార్డిన్‌ను ఆయన 1924లో పెళ్లి చేసుకున్నాడు. చదువుకున్న మనిషి, ముందుచూపు ఉన్న మనిషి. గురువు పక్కన రెండోవాడిగా మిగిలిపోవద్దని పట్టుబట్టి బయటికి పంపింది ఆమే. న్యూయార్క్‌లో ఫ్లెచర్ హెండర్సన్ బ్యాండులో ఏడాది వాయించి 1925లో షికాగో తిరిగి వచ్చాడు. ఆ నవంబరు 12న తన సొంత పేరుతో హాట్ ఫైవ్ బృందం మొదటి రికార్డులు చేసింది. లిల్ పియానో, కిడ్ ఓరీ ట్రాంబోన్, జానీ డాడ్స్ క్లారినెట్, జానీ సెయింట్ సిర్ బాంజో, ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్. 1928 వరకు హాట్ ఫైవ్, హాట్ సెవెన్ పేర్లతో వచ్చిన ఆ రికార్డులే జాజ్ నేర్చుకునేవాళ్లకు ఈనాటికీ మొదటి పాఠ్యపుస్తకం.

ఆయన తెచ్చిన కొత్తదనం

సంగీతం చదువుకోనివాళ్లకు కూడా అర్థమయ్యేలా నాలుగు అంశాలుగా చెబుతాం.

ఒకటి, ఒక్కడి గొంతు. పాత న్యూ ఆర్లియన్స్ పద్ధతిలో అందరూ కలిసి వాయించేవాళ్లు. కార్నెట్ వరుసను నడిపిస్తే, క్లారినెట్ పైన అల్లికలు అల్లేది, ట్రాంబోన్ కింద ఆసరాగా నిలిచేది. ఒక్కడు ముందుకు వచ్చి వాయించడం తక్కువ, వాయించినా కాసేపే. ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక్కడే నిలబడి, అప్పటికప్పుడు ఊహించి, మొదలూ మధ్యా ముగింపూ ఉన్న ఒక కథలా తన వంతు వాయించాడు. మన కచేరీల్లో విద్వాంసుడు అక్కడికక్కడ స్వరకల్పన చేయడం లాంటిది. ఆయన తర్వాత జాజ్ అంటే ఒంటరి వాద్యకారుడి ఊహకు పెద్దపీట వేసే కళ అయింది.

రెండు, లయ. అప్పటి వాద్యకారులు స్వరాన్ని తాళం దెబ్బకు సరిగ్గా కట్టేసేవాళ్లు. ఆర్మ్‌స్ట్రాంగ్ దాన్ని వెంట్రుకవాసి వెనక్కి లాగుతాడు, మళ్లీ ముందుకు తోస్తాడు. తాళం తప్పడు, కానీ తాళానికి బందీ కాడు. ఈ ఊగే గుణాన్నే స్వింగ్ అంటారు. మంచి డప్పు దరువు విన్నప్పుడు మన కాలు మనకు చెప్పకుండానే కదులుతుంది కదా, దాని వెనక ఉన్నది కూడా ఇలాంటి మెళకువే.

మూడు, గొంతును వాద్యం చేయడం. 1926 ఫిబ్రవరిలో రికార్డు చేసిన 'హీబీ జీబీస్' పాట మధ్యలో ఆయన మాటలు వదిలేసి అర్థంలేని ధ్వనులతో పాడాడు. మాటల కాగితం చేతిలోంచి జారిపడిందని, రికార్డింగు ఆగకూడదని అలా పాడేశానని ఆయన చెప్పిన కథ ప్రసిద్ధం. నిజమో కాదో గానీ కథ బాగుంది. ఈ పద్ధతిని స్కాట్ అంటారు. ఆయనకు ముందు కూడా కొందరు పాడారు, కానీ లోకానికి పట్టించింది ఆ రికార్డే. ఆ గరగరలాడే గొంతు అప్పటివరకు మంచి గొంతు అన్నదానికి పూర్తిగా వ్యతిరేకం. అందరూ దాచుకునే గరుకుతనాన్ని ఆయన అందంగా వినిపించాడు.

నాలుగు, శ్వాస, స్థాయి. ట్రంపెట్ మీద అంత పైస్థాయి స్వరాలను అంత నిండుగా నిలపడం చాలామందికి అప్పటిదాకా ఊహలో లేదు. దీనికి ఆయన మూల్యం కూడా చెల్లించాడు. 1930లలో పెదవి చిట్లి వాయించడం ఆపుకోవలసి వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

ఒక్క పాటను దగ్గరగా విందాం

1928 జూన్ 28న రికార్డయిన 'వెస్ట్ ఎండ్ బ్లూస్' మూడు నిమిషాల పైచిలుకు పాట. అసలు బాణీ కింగ్ ఆలివర్‌ది, అంటే గురువు పాటే. మొదట ఏ తోడూ లేకుండా ట్రంపెట్ ఒక్కటే మొదలవుతుంది. ముందు నాలుగు స్వరాలు, ఆ వెంటనే పైకి ఎగసి, అక్కడి నుంచి జలజలా కిందికి దిగుతుంది. పన్నెండు పదమూడు సెకన్లే. కానీ ఆ కొద్ది క్షణాలను నేర్చుకోవడానికి ఏళ్లు పెట్టిన ట్రంపెట్ విద్యార్థులు ఎందరో.

తర్వాత పాట నెమ్మదిస్తుంది. బ్లూస్ అనేది పన్నెండు కొలతల చిన్న చట్రం, అది మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటుంది. మధ్యలో క్లారినెట్ ఒక ముక్క అంటే ఆర్మ్‌స్ట్రాంగ్ తన గొంతుతో మాటలు లేకుండా జవాబు చెబుతాడు. తర్వాత ఎర్ల్ హైన్స్ పియానో. చివరి వంతులో ట్రంపెట్ ఒకే ఒక్క పైస్వరాన్ని పట్టుకుని దాదాపు నాలుగు కొలతల దాకా వదలదు. కింద బృందం కదులుతూనే ఉంటుంది, పైన ఆ స్వరం కదలదు. ఎన్నో స్వరాలు వాయించగలవాడు అక్కడ ఒక్కదానితో ఆగాడు. ఎప్పుడు ఆగాలో తెలియడం కూడా విద్యే అని మాకు ఆ చోట తెలిసింది.

మనదేశానికీ ఆ కాలపు షికాగోకూ ఒక చిన్న ముడి ఉంది. 1926లో ఆర్మ్‌స్ట్రాంగ్ వెండోమ్ అనే సినిమా హాల్లో ఎర్‌స్కిన్ టేట్ బృందంతో వాయించేవాడు. ఆ బృందం రికార్డుల్లో పియానో వాయించిన టెడ్డీ వెదర్‌ఫర్డ్ తర్వాత ఆసియాకు వచ్చి, బొంబాయి తాజ్ హోటల్లోనూ కలకత్తాలోనూ ఏళ్లపాటు జాజ్ వినిపించాడు. 1945లో కలకత్తాలోనే కన్నుమూశాడు.

నవ్వు వెనక మనిషి

1930ల నుంచి ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు దేశదేశాలకు పాకింది. సాచ్మో అనే ముద్దుపేరు వచ్చింది. వేదిక మీద తెల్లటి చేతిరుమాలు, పెద్ద నవ్వు, హాస్యం. ఇవి చూసి తర్వాతి తరం నల్లజాతి సంగీతకారులు కొందరు విమర్శించారు, తెల్లవాళ్లను మెప్పించడానికే ఇలా పళ్లికిలిస్తున్నాడని. అలా అన్నవాళ్లలో ఒకడైన డిజీ గిలెస్పీ, జాతి వివక్ష తన సంతోషాన్ని లాక్కోనివ్వని మనిషి నవ్వు అదని తర్వాత తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు.

ఆయన అవమానాలు ఎరగనివాడు కాదు. 1931లో సొంత ఊరికి తిరిగి వెళ్లినప్పుడు అతడు వాయించే క్లబ్బులోకి నల్లవాళ్లకు ప్రవేశం లేదు. వేలమంది బయట నది గట్టు మీద నిలబడి విన్నారు. రేడియో వ్యాఖ్యాత ఒక నల్లవాడి పేరు ప్రకటించనన్నాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ తానే మైకు దగ్గరికి వెళ్లి తన పేరు ప్రకటించుకున్నాడు. ఆ ప్రయాణంలోనే పాత బాలుర గృహానికి వెళ్లి పీటర్ డేవిస్ మాస్టారిని కలిశాడు.

1956లో లూసియానా రాష్ట్రం నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి ప్రదర్శనలు ఇవ్వకూడదని చట్టం చేసింది. ఆర్మ్‌స్ట్రాంగ్ బృందంలో ఇద్దరూ ఉన్నారు. విడదీయనన్నాడు. 1965 దాకా పుట్టిన ఊళ్లో వాయించలేదు.

అన్నిటికంటే పెద్ద సంఘటన 1957 సెప్టెంబరులో జరిగింది. ఆర్కాన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్ పట్టణంలో తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులు కోర్టు తీర్పు ప్రకారం తెల్లవాళ్ల హైస్కూలుకు బయలుదేరారు. రాష్ట్ర గవర్నరు ఫాబస్ సైనికుల్ని పెట్టి గేటు దగ్గరే ఆపించాడు. అప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ కచేరీ కోసం ఉత్తర డకోటాలో ఒక చిన్న ఊళ్లో ఉన్నాడు. సోవియట్ యూనియన్‌కు అమెరికా ప్రభుత్వం తరఫున సాంస్కృతిక రాయబారిగా వెళ్లే ఏర్పాటు నడుస్తోంది. ఇరవై ఒక్కేళ్ల స్థానిక విలేకరి ఒకడు హోటల్ గదికి వచ్చి అడిగితే ఆయన దాచుకోలేదు. మా ప్రజలతో ఇలా ప్రవర్తించే ప్రభుత్వం తరఫున వెళ్లి అక్కడ నేనేం చెప్పుకోను అన్న అర్థంలో ఘాటుగా మాట్లాడాడు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు ధైర్యం లేదన్నాడు. మర్నాడు విలేకరి రాసింది చూపిస్తే ఒక్క మాటా తీసేయవద్దని చెప్పి కింద సంతకం చేశాడు.

దేశమంతా గగ్గోలు పుట్టింది. కొన్నిచోట్ల ఆయన రికార్డులు వేయడం మానేశారు. ఆయన వెనక్కి తగ్గలేదు. కొద్ది రోజులకు, సెప్టెంబరు 24న, ఐసెన్‌హోవర్ సైన్యాన్ని పంపించాడు. ఆ తొమ్మిది మంది సైనికుల రక్షణలో బడిలోకి నడిచారు. ఆయన ఒక్కడి మాటతోనే ఇది జరిగిందని మేము అనడం లేదు. అయితే పదకొండేళ్లకే బడి వదిలిన మనిషి, బడి గేటు దగ్గర ఆగిపోయిన పిల్లల కోసం తన పేరునూ ఆదాయాన్నీ పణంగా పెట్టాడు. ఈ వ్యాసంలో మిగతాది మరచిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి.

చివరి రోజులు

1964 మేలో 'హలో డాలీ' పాటతో ఆయన అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి వచ్చాడు. పద్నాలుగు వారాలుగా ఆ స్థానంలో ఉన్న బీటిల్స్‌ను దించినప్పుడు ఆయనకు 62 ఏళ్లు. 1967లో పాడిన 'వాట్ ఎ వండర్‌ఫుల్ వరల్డ్' ఆయన దేశంలో అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. 1987లో ఒక సినిమాలో వినిపించాక ఇంటింటి పాట అయింది.

అంత పేరు వచ్చినా 1943 నుంచి న్యూయార్క్‌లోని కరోనా అనే మామూలు జనం పేటలోనే, భార్య లూసిల్ కొన్న ఇంట్లో ఉన్నాడు. ఎక్కడికి వెళ్లినా టైపు మిషను వెంట ఉండేది. ఉత్తరాలు, జ్ఞాపకాలు రాస్తూనే ఉండేవాడు. మాటల్నీ పాటల్నీ వందల టేపుల్లో రికార్డు చేసి దాచాడు. తన కథను ఇంకొకరు రాసేదాకా ఆగలేదు. 1971 జూలై 6న ఆ ఇంట్లోనే కన్నుమూశాడు. 2003లో ఆ ఇల్లు మ్యూజియం అయింది.

1977లో అమెరికా ప్రయోగించిన వాయేజర్ అంతరిక్ష నౌకల్లో భూమి మీది ధ్వనులతో ఒక బంగారు పూత రికార్డు పెట్టారు. అందులో ఆర్మ్‌స్ట్రాంగ్ హాట్ సెవెన్ వాయించిన 'మెలాంకలీ బ్లూస్' ఉంది. అదే రికార్డులో మన కేసర్‌బాయి కేర్కర్ పాడిన పాట కూడా ఉంది. యుద్ధభూమి అనే పేట కుర్రవాడి ఊపిరి ఇప్పుడు సూర్యమండలం దాటి పోతోంది.

వినాలనుకునే తమ్ముళ్లకు ఒక వరుస చెబుతాం. ముందు 'హలో డాలీ', ఎందుకంటే అది తేలిక. తర్వాత 'హీబీ జీబీస్'. ఆ తర్వాత 1927 నాటి 'పొటాటో హెడ్ బ్లూస్'. అందులో ఒకచోట బృందం అప్పుడప్పుడు ఒక్క దెబ్బ మాత్రమే వేసి ఆగుతుంది, మధ్య ఖాళీనంతా ఆయన ఒక్కడే నింపుతాడు. చివరికి 'వెస్ట్ ఎండ్ బ్లూస్'. ఒక్కొక్కటి మూడుసార్లు వినండి. మొదటిసారి అంతా గోలగా ఉంటుంది, మాకూ అలాగే ఉండింది.

మనం తీసుకోవలసింది

కష్టాలు పడితేనే గొప్పవాళ్లవుతారని ఆయన జీవితం చూపించి కొందరు ఉపన్యాసాలు ఇస్తారు. మేము ఆ మాట ఒప్పుకోం. ఆకలి, దెబ్బలు ఆ పేటలో అందరికీ దొరికాయి. అవి ఎవరికీ ట్రంపెట్ నేర్పలేదు. లూయీకి ఉపయోగపడ్డవి వేరు. చేతికి అందే దూరంలో ఒక వాద్యం, తన అభిప్రాయం మార్చుకోగలిగిన ఒక మాస్టారు, పాత కార్నెట్ ఇచ్చిన ఒక పెద్దవాడు, ముందుకు తోసిన ఒక మనిషి, టోపీలో డబ్బులు వేసిన ఒక వీధి. మిగతా సాధన అతడిది. ఆ గృహం బ్యాండులో వాయించిన పిల్లలందరూ ఆర్మ్‌స్ట్రాంగ్‌లు కాలేదు, కానక్కరలేదు కూడా. వాళ్లందరికీ వాయించే అవకాశం దొరికింది, అది చాలు.

మా రోజుల్లో ఒక హాస్టల్లో, ఏదో ఎందుకు గానీ, ఒక హార్మోనియం, రెండు డోలక్‌లు ఉండేవి. అధికారులు వచ్చిన రోజు బయటికి వచ్చేవి, వాళ్ల జీపు వెళ్లగానే స్టోర్ రూములోకి వెళ్లేవి. తాళం చెవి ఎవరి దగ్గర ఉండేదో మాకు ఎప్పుడూ తెలియలేదు. వాటిని వాయించగలిగినవాడు మా బ్యాచ్‌లో ఉన్నాడేమో కూడా తెలియలేదు.

అందుకని ఈ వార్షికోత్సవానికి మేమంతా తలా కొంత వేసుకుని ఒక డప్పు, ఒక డోలక్, ఒక హార్మోనియం తెస్తున్నాం. నాలుగోది కొన్నది కాదు. బ్యాండు మేళంలో వాయించిన నాన్న ట్రంపెట్‌ను మా స్నేహితుడు ఇస్తున్నాడు. ఆయన ఇప్పుడు లేరు. దాని మీద అక్కడక్కడ సొట్టలు ఉన్నాయి, మీటలు మాత్రం బాగా పనిచేస్తున్నాయి. ఇచ్చేది ఎవరి కొడుకో వేదిక మీద తానే చెబుతానన్నాడు.

మా షరతు ఒక్కటే. వాటిని స్టోర్ రూములో పెట్టి తాళం వేయవద్దు. సాయంత్రం ఆటల గంట నుంచి స్టడీ అవర్ గంట దాకా అవి బయట ఉండాలి. పాడైతే బాగు చేయిద్దాం. చిలుము పడితే తోముకోండి.